అమ్మ దిగి చూసిన గుంట

రాళ్ళపాలెం, వయా గురజాల,
1986 జూన్

ఇందుమూలంగా రాళ్ళపాలెం పెద్దలకీ పిన్నలకీ, మేకలకీ కోళ్ళకీ తెలియపరచడమేమంటే: మన ఇంటి ఎర్రపుంజు నిన్న పొద్దున పాస్టరుగారి పెరట్లో జొరబడి, ఆరబోసిన వడియాల మీద నడిచిన నేరం రుజువైనందున, దానికి ఆదివారం దాకా గంప కింద ఖైదు విధించడమైనది. అలాగే టైలరు జయరాజు తన ఎత్తు మడమల చెప్పుల్ని ప్రార్థనకి వచ్చేటప్పుడు వీధి పొడుగునా టకటకలాడించకూడదని తీర్మానించడమైనది. ఈ ఉత్తర్వులు ధిక్కరించినవారు మీ వదిన పెట్టిన పులుసు మారు వడ్డించుకుని తినవలసి ఉంటుంది.

చెల్లెలు దీనమ్మకి అన్న ఏసోబు ప్రభువు పేరు తలుచుకుని రాసేది. ఇక్కడ మేం బాగున్నాం, మీరూ అక్కడ బాగుండాలి. అమ్మ కూడా బాగుంది. అమ్మని మట్టిలో పెట్టి నెల కావస్తంటే ఈ మాట ఎట్టా రాశాడని కాగితం విసిరికొట్టమాకు. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. చివరిదాకా చదువు.

ముందు నువ్వడిగిన చిన్న సంగతులు. నువ్వు పంపిన దుప్పటి అమ్మ ఉన్నప్పుడే అందింది. అమ్మ కప్పుకోలా. నాగపూరు దుప్పటి, మాసిపోద్దని పెట్టెలో దాచింది. ఇప్పుడు అదే మాట చెప్పి మీ వదిన దాచింది. నిమ్మచెట్టు బతికే ఉంది, కాపు లేదు. బావ నడుం నెప్పికి మందు నన్నడుగుతావేందే, నర్సువి నువ్వా నేనా? నన్నడిగితే మా క్వారీకి పంపు, నాలుగు రోజులు సమ్మెట ఎత్తితే నడుం ఉన్న సంగతే మర్చిపోతాడు.

ఇక పెద్ద సంగతి. జయరాజు నీకు ఉత్తరం రాశాడన్నావు. అమ్మ బతికుండగానే నేను ఆమెని గుంటలో దించి, మీద బండలు మూసి, పైన కూచుని నాయన గొంతు పెట్టి పాడానని రాశాడంట. నువ్వేమో, 'అన్నయ్యా, అది నీ పనే అయితే నాకు ఇంక ఉత్తరాలు రాయొద్దు. అమ్మ నీ అల్లరిని నిజమనుకుని, దాన్ని పట్టుకుని ప్రాణం వదిలిందంటే నేను తట్టుకోలేను. దేవుడి మాటలు మాత్రం రాయమాకు. ఆస్పత్రిలో రోజూ చూస్తన్నా, పోయినోళ్ళు పోయినట్టే ఉంటారు. జరిగింది రాయి, చాలు' అన్నావు. ఈ ముక్కలు నేను అన్నం ముందు ఒకసారి చదివి, అన్నం మానేసి ఇంకోసారి చదివా.

నీ అనుమానం న్యాయమే. పాస్టరుగారి సైకిలు చింతచెట్టెక్కించినోణ్ణి. కొత్తపెళ్ళికొడుకు దిండులో కప్పని పెట్టి కుట్టించినోణ్ణి. అదీ కాక నాయన పాట సంగతి నీకు తెలుసు. గుడంతా ఒక దారి, ఆయనది ఒక దారి. అందరూ పాట ముగించి కూచున్నాక ఆయన ఆఖరి మాట ఒక్కటీ మిగిలిపోయి, సాగి సాగి, అలిసిన మనిషి గోడకి ఆనుకున్నట్టు ఆగేది. దాన్ని నేను అచ్చుగుద్దినట్టు పాడి చూపిస్తే నువ్వు పొట్ట పట్టుకుని దొర్లేదానివి. నాయన పోయాక ఈ ఊళ్ళో ఆ గొంతు ఒక్కడి దగ్గరే ఉంది. కాబట్టి జయరాజు నన్ను అనుమానించడంలో వాడి తప్పేం లేదు. వాడి తప్పల్లా ఆగి చూడకుండా పరిగెత్తడమే.

మన సమాధుల దొడ్డి ఎట్టాంటిదో నీకు మరుపొచ్చి ఉంటది, నాగపూర్లో మట్టి మెత్తన. ఇక్కడ పైన జానెడు మట్టి, కిందంతా నాపరాయి. మనం పుట్టకముందు ఎండాకాలంలో ఎవరో పోతే, రాయి తెగి గుంట తయారయ్యేలోపల శవం చేతికి రాకుండా పోయిందంట. అప్పట్నించి పెద్దలు కట్టుబాటు పెట్టారు, ఒక గుంట ఎప్పుడూ ముందే కొట్టి ఉంచాలని. ఒకర్ని పెట్టి వచ్చిన మర్నాడే మేం గునపాలు భుజాన వేసుకుని పోయి తర్వాతి గుంట కొట్టేస్తాం. పైన బండలు పరిచాక పాస్టరుగారు పేరు లేని ప్రార్థన ఒకటి చేస్తారు. అది ఎవరిదని ఎవరూ అడగరు. ఆ బండల మీద ఎవరూ కాలు పెట్టరు. మేకలు కూడా చుట్టు తిరిగి పోతాయి. వాటికి ఎవరు చెప్పారో నాకు తెలవదు.

పోయినేడు వానల మొదట్లో లింగయ్య మామని పెట్టాం గదా, ఆ మర్నాడు కొట్టిన గుంట పొట్టిదైపోయింది. కాళ్ళవైపు, అంటే తూర్పు కొసన, నల్లరాయి తగిలింది. గునపం ఎగిరి నా మొహం మీదికొచ్చింది. ఉలి మొన పోయింది. రాతి మీద గీత కూడా పడలా. క్వారీలో నా జతగాడు కోటేశ్వర్లు తెలుసుగా, ఏటా కోటప్పకొండకి ప్రభ కట్టుకుపోయే మనిషి, మన గుంటలకి కూడా చెయ్యేస్తాడు. వాడు గునపం కింద పెట్టి, 'ఇంతవరకే కొట్టమంటంది అన్నా. పద పోదాం' అన్నాడు.

నేను అంతటితో ఊరుకుంటానా. ఆ సాయంత్రం గుడి అరుగు మీద అందరూ ఉన్నప్పుడు లేచి నిలబడి, 'పొట్టోళ్ళారా, ఈసారి వంతు మీది, బట్టలు సర్దుకోండి' అని చాటా. అందరూ నవ్వారు. తెల్లారేసరికి ఆ నవ్వు ఎవరి మొహాన్నా లేదు. జయరాజు కుట్టుమిషను టేపు పట్టుకుపోయి, ఎవరూ చూడకుండా గుంట కొలిచి, బూడిద పూసుకున్న మొహంతో తిరిగొచ్చాడు. ఆ వారమే గురజాల పోయి ఎత్తు మడమల చెప్పులు కొనుక్కున్నాడు.

ఆ వానలకి దొడ్డంతా మడుగు కట్టింది. లింగయ్య మామ మీద మట్టి కుంగి నీళ్ళు నిలిచాయి. కొట్టి ఉంచిన గుంటలో మాత్రం చుక్క లేదు. నేను బండ జరిపి చూశా. అడుగు పొడిగా, ఎవరో చీపురేసి ఊడ్చినట్టుంది. చలికాలం అంతా ఊళ్ళో ఒక్కరూ పోలా. దగ్గి దగ్గి ఇయ్యాలో రేపో అనుకున్న ముసలోళ్ళు కూడా లేచి కూచుని గంజి అడిగారు. గుంట ఊరికే కాచుకుని ఉంది. అందరికీ అదే అనిపించేది, అది ఎవరి కోసమో ఆగి, మిగిలినోళ్ళని వెనక్కి పంపుతందని.

జయరాజు కంటే పొట్టి మనిషి మన ఊళ్ళో ఒక్కతే. ఆ సంగతి నాకు తట్టింది ఫిబ్రవరిలో, అమ్మ కడుపులో గడ్డని గుంటూరులో చూపించి, ఇంటికి తీసుకుపొండని వాళ్ళు చెప్పాక, తిరుగు బస్సులో. అమ్మ నా భుజం మీద తలవాల్చి నిద్రపోతంది. కాళ్ళు బస్సు అడుక్కి అందక ఊగుతన్నాయి. నేను ఆ కాళ్ళనే చూస్తా కూచున్నా.

అమ్మకి చావంటే భయం లేదు దీనా. చీకటంటేనే భయం. పెళ్ళికి ముందు క్వారీలో అంచు కూలి బండల కింద ఇరుక్కుపోయింది గదా, మనుషులొచ్చి తీసేదాకా చీకట్లో రాళ్ళని గోళ్ళతో గీరుతా ఉందంట. అందుకే జీవితంలో ఒక్క రాత్రి కూడా తలకాడ బుడ్డిదీపం లేకుండా పండుకోలా. మట్టి ఇచ్చే ప్రతిచోటా ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషి, తన వంతు వచ్చేసరికి ఆ బండల కింది చీకటి తలుచుకుని వణికింది. ఈ సంగతి నీకు కూడా చెప్పే ఉంటది.

పాస్టరుగారు వచ్చి మంచం పక్కన కూచున్నారు. పోయినోళ్ళు నిద్రలో ఉంటారనీ, కడబూర మోగినప్పుడు లేస్తారనీ చెప్పారు.

'లేచేరోజు సంగతి నాకు తెలుసు అయ్యగారూ,' అంది అమ్మ. 'అందరికంటే ముందు నేనే లేస్తా, పొయ్యి రాజేసే అలవాటు. అప్పటిదాకా సంగతే నాకు తెలవదు. నిద్రపోయే మనిషి మీద ఎవరన్నా బండలేస్తారా?'

ఆయన కాసేపు బైబిలు అట్ట రుద్దుకున్నారు. 'ప్రభువు కూడా బండ మూసిన సమాధిలోనే ఉన్నాడు గదమ్మా.'

'ఆయనకి మూడోరోజని ముందే తెలుసు. నాకు ఎన్నోరోజో చెప్పి పొండి.'

ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నారు. గుమ్మం బయట బీడీ తాగుతన్న నేను నవ్వా. అట్టా నవ్వినందుకు తర్వాత బాధపడ్డాలే.

ఏప్రిల్ చివర్లో, పొద్దు వాలే యాళ, అమ్మ నన్ను పిలిచింది. 'ఒరే ఏసోబూ, ఆ పొట్టి గుంట నాదేనంటగా. చూపించు.'

'గుంటలో చూసేదేముందే. గుంటే.'

'ఇల్లు చూడకుండా కాపురానికి పోతారంట్రా?'

వీపున ఎక్కించుకుపోయా. ఎండుకట్టెల మోపంత బరువు కూడా లేదు. దొడ్లో గాలి లేదు, పిట్ట లేదు. గునపంతో బండలు తొలిగించా, క్వారీ నిచ్చెన దించి, ముందు నేను దిగి ఆమెని దించుకున్నా. పడమటికి తలపెట్టి వెల్లకిలా పండుకుంది. కాళ్ళు పోయి నల్లరాతికి సరిగ్గా ఆనినయ్. వేలు దూరే సందు లేదు.

'సరిపోయింది,' అంది, రవిక తొడుక్కుని చూసుకున్నట్టు. 'ఇంక పైకి పోయి మూయి.'

'నీకు మతి పోయిందా?'

'ఇంతకాలం ఊరందర్నీ భయపెట్టావు. ఇప్పుడు నీకు భయమా? మూయరా. నేను పిలిస్తే తియ్యి. పోయిననాడు పిలవడానికి ఉండదు గదా. ఇయ్యాల ఉంది.'

మూశా. కన్నతల్లి మీద ఒక్కో బండా ఈ చేతులతో జరిపా. ఆఖరిదానికి వేలెడు సందు ఉంచా. పక్కన కూచుని బీడీ నోట్లో పెట్టుకున్నా గానీ అగ్గిపుల్ల గీయడం చాతకాలా. కింద అమ్మ ఏడుస్తంది. గోళ్ళు రాతి మీద గీరిన చప్పుడు వినపడింది. ఇంక చాలని నేను గునపం అందుకున్నా. అప్పుడు అమ్మ పాట ఎత్తుకుంది. మనం మట్టి ఇచ్చేటప్పుడు పాడే పాటే. దారం అంత సన్నంగా, మధ్యలో ఊపిరి కోసం ఆగుతా, ఒక చరణం పాడి ఆపింది.

ఆపినాక, ఆఖరి మాట ఇంకోసారి వినపడింది. ఆలస్యంగా. లావు గొంతు. సాగి సాగి, గోడకి ఆనుకున్నట్టు ఆగింది.

నా నోట్లో వెలగని బీడీ ఉంది దీనా. పెదాలు దాన్ని కరుచుకునే ఉన్నాయి. ఆ గొంతు నా కాళ్ళ కింది నించి వచ్చింది.

తర్వాత అమ్మ నవ్వింది. 'ఇన్నేళ్ళు ఆడ ఉండి కూడా నీకు రాగం రాలేదయ్యా,' అంది. నాతో కాదు. ఆ తర్వాత గొంతు తగ్గించి, రాత్రి భోజనాలయ్యాక నాయనతో మంచం మీద మాట్లాడేదే, అట్టా మాట్లాడటం మొదలుపెట్టింది. ఒక మాట అనేది, ఆగేది, 'ఊఁ' అనేది. నాకు అవతలి మాట వినపడలా. ఒకచోట మాత్రం, 'ఏసోబా? పైనే ఉన్నాడు. భయపడతన్నాడు,' అంది.

తలెత్తి చూస్తే దొడ్డి కంచె అవతల జయరాజు, తప్పిపోయిన మేకని వెతుక్కుంటా వచ్చినోడు, నోరు తెరుచుకుని నా వంకే చూస్తన్నాడు. మరుక్షణం లేడు. దుమ్ములో ఎత్తు మడమల చెప్పుల జత నిలబడి ఉంది, మనిషి మాత్రం ఊళ్ళో ఉన్నాడు. వాడు చూసిందీ విన్నదీ అంతే, నీకు రాసిందీ అంతే.

అమ్మ పిలవలా. నేనే తట్టుకోలేక బండ తీశా. మొహం మీద ఏడ్చిన చార ఉంది గానీ ఏడ్చిన మొహం కాదు.

'ఎవరితోనే మాట్లాడతన్నావు?'

'తొందరపడి తీశావు,' అంది, చెయ్యి చాపతా. అంతకంటే ఒక్క ముక్క చెప్పలా.

నువ్వు కారణం కావాలంటావు. నాకూ కావాల్సొచ్చింది. మర్నాడు పట్టపగలు కోటేశ్వర్ల్ని తీసుకుపోయి ఆ గుంటలో నేనే దిగా. మోకాళ్ళు ముడుచుకుని పండుకుని, బండలు మూయించి, అమ్మ పాడిన చరణమే పాడా. ఆ నల్లరాయి ఉంది చూడు, అది మాటని పట్టుకుని, కాసేపు లోపల ఉంచుకుని, లావు చేసి తిరిగిస్తంది. ఏడో తరగతి సైన్సులో మేష్టారు చెప్పారే, ప్రతిధ్వని అని, అదే. నా ఆఖరి మాట నాకే నాయన గొంతులాగా వినపడింది. కాబట్టి అమ్మతో నేను ఆడుకోలా. రాయి పాడింది. జయరాజుకీ ఇదే చెప్పా. అప్పుడుగానీ వాడు చెప్పులు తెచ్చుకోడానికి ఒప్పుకోలా. అయినా నా మాట నమ్మలేదని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

ఇప్పుడు నువ్వు అడక్కుండా అడిగిన అసలు ప్రశ్న, అమ్మ భయంతో పోయిందా అని. ఆ రాత్రి మీ వదిన రోజూలాగే బుడ్డిదీపం వెలిగించి తలకాడ పెడితే, 'తీసేయమ్మాయ్, కళ్ళకి గుచ్చుకుంటంది,' అంది. మీ వదిన నా మొహం చూసింది. 'చీకటిగా ఉంటది అత్తా, భయం లేదా?' అంటే, 'ఎందుకు భయం, ఎరిగిన చీకటేగా,' అంది. మన ఇంట్లో దీపం లేకుండా పండుకోవడం నాకు తెలిసి అదే మొదలు. నాకు నిద్ర పట్టలా, ఆమె గురక పెట్టింది. పోయేదాకా మళ్ళీ దీపం అడగలా. ఆ ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు ఇదే. చాలదనుకుంటే ఇంకొకటి లేదు.

పోయింది పొద్దునపూట, మీ వదిన తల దువ్వతా ఉంటే. నొప్పికి మూలగడం కూడా ఆపేసింది. నీ మాట ఎత్తింది. 'దీన రాలేదని తిట్టమాకండి. తొందరేం లేదని చెప్పండి. పిల్లల్ని చూసుకుని, పనులన్నీ చక్కబెట్టుకుని నెమ్మదిగా రమ్మను,' అంది. టెలిగ్రాం అందేసరికి ఆలస్యమైందని, రైలెక్కి వచ్చినా అప్పటికి మట్టి కూడా ఆరిపోయేదని నువ్వు ఉత్తరంలో ఏడ్చావు. అమ్మ చెప్పింది ఆ రావడం గురించి కాదనుకుంటా.

గుడ్డలో చుట్టి అమ్మని దించినప్పుడు సరిపోతదో లేదోనని అందరూ మెడలు చాచారు. సరిపోయింది. పాట పాడారు. పాట అయిపోయాక ఊరంతా నా మొహం చూసింది, నేనేమన్నా చేస్తానేమోనని. నేను పళ్ళు బిగించుకుని నిలబడ్డా. అమ్మ లేని పాట కదా, ఎవరూ సరిగ్గా ఎత్తుకోలేకపోయారు. పాస్టరుగారు ప్రార్థన ముగించి నా భుజం మీద చెయ్యేసి, 'ఎన్నోరోజో ఆమెకి చెప్పలేకపోయానయ్యా,' అన్నారు. ఆయన కూడా ఏడ్చారు, పాపం. ఇంక ఆయన సైకిలు జోలికి పోనని మనసులో ఒట్టేసుకున్నా.

మర్నాడు కొత్త గుంట కొట్టాం. రాయి వెన్నలాగా తెగింది. పొడుగ్గా వచ్చింది. నేను పండుకుని చూసుకోలేదులే, నిలబడి అంచనా వేశా. ఈ ఊళ్ళో పొడుగోళ్ళు చానామంది ఉన్నారు. ఈసారి మాత్రం గుడి అరుగు మీద నేనేం చాటలా. ఎవరూ అడగలా. ఆదివారం పోయి వెనక వరసలో కూచుంటన్నా. బీడీలు బయట గూట్లో పెట్టి పోతన్నానని మీ వదినకి ఆశ్చర్యం.

ఇంతవరకు రాసి, కవరు అంటించి, పోస్టుపెట్టె దాకా పోయి వెనక్కొచ్చా. కవరు చింపి ఈ ముక్క కలుపుతన్నా.

ఆ ప్రతిధ్వని నేను కల్పించింది. మర్నాడు గుంటలో దిగింది నిజం. కోటేశ్వర్లు బండలు మూసింది నిజం. అమ్మ చరణమే పాడా, మామూలు గొంతుతో పాడా, నాయన గొంతుతో పాడా, బొంగురు పోయేదాకా పాడా. ఏమీ తిరిగి రాలా. మాట నోట్లోంచి వచ్చి అక్కడే నా గుండెల మీద పడిపోయింది. పైనుంచి కోటేశ్వర్లు, 'ఇంక చాలు అన్నా, నీ ఒక్కడి గొంతే వస్తంది' అన్నాడు. నువ్వు నమ్మగలిగే కారణం ఒకటి ఇస్తే నాతో మాట్లాడతావని ఆ ముక్క రాశా. కానీ అది అట్టాగే ఉంచితే, అమ్మ ఒక రాతి చప్పుడుని పట్టుకుని పోయినట్టవుద్ది. అది నేను నీ దగ్గర ఒప్పుకోలేను.

జరిగింది రాయమన్నావు. జరిగింది ఇదీ: నేను పాడలా. రాయి కూడా పాడలా.

ఇట్లు,
నువ్వు నమ్మినా నమ్మకపోయినా నీ తోడబుట్టిన
అన్న ఏసోబు